ఖాళీగా పంపని బుర్ర

కిందటివారం మన కథలో హన్నా సిస్టరును మదనపల్లె చర్చి మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. అరవై ఒక్కేళ్ల మనిషి, మిషన్ ఆసుపత్రిలో కొన్ని వందలమందికి పురుడు పోసిన చేయి, ఆ రోజు చెప్పుల పట్టీ పెట్టలేకపోయింది. కారణం కుప్పంలో చదువుకుంటున్న రిఫ్కతు అనే నైజీరియా అమ్మాయి. ఆరాధన అయ్యాక లేచి నిలబడి, ఎండిన సొరబుర్రల మీద పరిశోధన చేస్తున్నాననీ, మీ ఇళ్లలో ఎవరి దగ్గరైనా ఉంటే చూపించమనీ అడిగింది. మీది ఏ ఊరమ్మా అని ఎవరో అంటే, బౌచి వైపు, మేం జార్ తెగవాళ్లం అంది.

ఆ ఒక్క మాట చాలింది. ముప్ఫై ఆరేళ్ల కిందట హన్నా అదే జార్ వాళ్ల మధ్య, ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేసింది. అక్కడ ల్యాబులో పనిచేసే ఇషాయాను మనసులో పెట్టుకుంది. అతని మనసులోనూ తనే ఉందనుకుంది. అలాంటివాడు ఒకరోజు ఉన్నట్టుండి మాట్లాడటం మానేశాడు. ఎందుకో అతను చెప్పలేదు, ఈమె అడగలేదు. కాంట్రాక్టు అయిపోయింది, విమానమెక్కి వచ్చేసింది. ఆ తరువాత వచ్చిన సంబంధాలకు ఒకదానికి ముక్కు వంక, ఒకదానికి ఊరు దూరం అంటూ పేర్లు పెట్టి ఒంటరిగా ఉండిపోయింది. 'ఎందుకు మానేశాడు' అన్న ప్రశ్న మాత్రం ఆమెతోనే ఉండిపోయింది. అది అడగడానికే రిఫ్కతును పుంగనూరులో తన తమ్ముడు ఎడ్విన్ ఇంటికి రమ్మంది. పైకి చెప్పిన సాకు, పక్కింటి తులసమ్మ దగ్గరున్న సొరబుర్రలు.

శనివారం మధ్యాహ్నం కుప్పం బస్సు దిగిన రిఫ్కతును షైలజ స్కూటీ మీద ఎక్కించుకొచ్చింది. షైలజ ఎడ్విన్ కూతురు, పుంగనూరులోనే టీచరు. ఎడ్విన్, అతని భార్య చౌడేపల్లెలో ఎవరిదో పెళ్లికి పోయారు. అదీ మంచిదే అనుకుంది హన్నా. తమ్ముడి ముందు కొన్ని మాటలు నోరు దాటి రావు.

"నమస్తే అమ్మా, బాగుండారా? అన్నం తిన్నారా?" అంది రిఫ్కతు గుమ్మంలోనే.

హాస్టల్లో వంటమనిషి దగ్గర నేర్చుకున్న తెలుగు అది. షైలజకు నవ్వాగలేదు. హన్నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్ల తల వంచి మోకాళ్లు కొద్దిగా వంచి పలకరించిన తీరు ఎక్కడో చూసినట్టుంది. అక్కడి ఆడవాళ్లందరూ అలాగే పలకరించేవాళ్లు కాబోలు అని సర్దుకుంది.

తులసమ్మ అప్పటికే మూడు బుర్రలు వరండాలో మంచం మీద పేర్చి, పెళ్లికూతురి సారె చూపించేదానిలా చీర సర్దుకుని నిలబడింది.

"ఇది ఇత్తనాల బుర్రమ్మా. బీర ఇత్తులు, సొర ఇత్తులు బూడిదలో కలిపి ఇందులో పోసి పొయ్యి మీద ఉట్టికి కట్టేస్తే పురుగన్న మాటే ఉండదు. మా అత్త చేతిది. ఇదిగో, నడుము సన్నంగా ఉండాదే, ఇది మా మామ చేనికి నీళ్లు తీస్కపోయేది. ఎండలో యాడ పెట్టినా నీళ్లు చల్లంగా ఉంటాయి. ఈ పెద్దది సూడు. మా ఇంటాయన దీన్ని వీపుకు కట్టుకొనే బాయిలో ఈత నేర్చినాడు. ఇప్పటికీ ఇది లేకుండా దింపితే మునుగుతాడు."

రిఫ్కతు ఒక్కోటి చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ఫోటోలు తీసింది. ఇత్తనాల బుర్రకు మెడ కింద జానెడు పగులు ఉంటే దాని వెంట వేలు నడిపింది.

"దీన్ని యాల కుట్టలేదు అమ్మా?"

"పగిలిన బుర్రను కుడతారా యాడైనా!" తులసమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఇంకొంచెం పగిలితే పారేస్తాం. పాదు మీద ఇంకోటి కాస్తాది."

"మేం కుడతాం," అంది రిఫ్కతు. అని, హన్నా వైపు చూసింది. చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది.

ఇంతలో పక్కింట్లోంచి ఎనుము అరిచింది. "పాలు పిండే యాళైంది, అరస్తాండాది. కూర్చోండమ్మా, కాఫీకి పాలు తెస్తా," అని తులసమ్మ తన బుర్రలు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఈ ఎనుము ఇంకో అరగంట ఆగి అరిచి ఉంటే మన కథ ఇక్కడితో సుఖంగా ముగిసేది.

తులసమ్మ వెళ్లగానే రిఫ్కతు తెలుగు వదిలి ఇంగ్లీషులోకి దిగింది. పెద్దమనిషిలా సర్దుకుని కూర్చుని, తమ ఊరి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ల ఇళ్లలో బుర్రను చాలావరకు సగానికి కోసి గిన్నెలా వాడతారట. పుట్టిన బిడ్డకు నీళ్లు పోసేది దానితో, గింజ కొలిచేది దానితో, పొలంలో ఉన్నవాడికి అన్నం మోసుకుపోయేది దానిలో. నీళ్ల తొట్టిలో బోర్లించి కర్రతో కొడితే అదే డోలు. ఆడపిల్ల ఉన్న తల్లి మంచి బుర్రలు ఏరి, పైన నగిషీలు చెక్కించి, పెళ్లినాటికి గదిలో గోడ ఎత్తున పేరుస్తుంది. పగిలితే పారెయ్యరు. పగులుకు అటూ ఇటూ చిల్లులు పొడిచి నారతాడుతో కుడతారు. కుట్టు ఉన్న బుర్ర ఇంట్లో ఎక్కువకాలం మసిలిన మనిషిలాంటిదని వాళ్ల అమ్మమ్మ అనేదట.

హన్నా వింటోంది. ఆమె నాలుక మీదికి ఆ బుర్రల్లో తాగిన నీళ్ల రుచి వచ్చింది. కొత్త బుర్రలో నీళ్లు కొంచెం చేదుగా ఉంటాయి. మొదటిసారి తాగి ఆమె మొహం చిట్లిస్తే, ల్యాబు గుమ్మంలో నిలబడి ఇషాయా పగలబడి నవ్వాడు. పది రోజులు తాగు, తరువాత ఈ చేదు లేని నీళ్లు నీకు నీళ్లలా అనిపించవు అన్నాడు. నిజమే అయింది. ముప్ఫై ఆరేళ్లుగా స్టీలు గ్లాసులో తాగిన ప్రతి గుక్కలో ఏదో తక్కువైనట్టే ఉంది ఆమెకు. ఇప్పుడు అడుగుదామా, ఇషాయా అని ఒకతను ఉండేవాడు, నీకు తెలుసా అని? నోటిదాకా వచ్చింది, మళ్లీ మింగేసింది.

"ఇంకో పద్ధతి ఉంది," అంది రిఫ్కతు. "ఇది మావాళ్లందరిలో ఉందో లేదో నాకు తెలియదు. మా అమ్మ పుట్టింటివాళ్లలో ఉంది. అబ్బాయి తల్లి ఒక బుర్ర నిండా ఆచా గింజలు పోసి అమ్మాయికి పంపుతుంది. నోటితో ఏమీ చెప్పదు. బుర్ర ఆ అమ్మాయి దగ్గరే ఉండిపోతే ఒప్పుకున్నట్టు. తిరిగి వస్తే కాదన్నట్టు. అంతే. ఇక ఎందుకని ఎవరూ అడగకూడదు. అడిగితే ఆ పిల్లను నలుగురిలో నిలదీసినట్టు అవుతుంది. అలా కాకూడదనే బుర్రతో అడుగుతారు."

హన్నాకు వరండా కొంచెం పక్కకు ఒరిగినట్టయింది. మంచం కోడును పట్టుకుంది.

ఆచా అంటే కొర్రలకంటే సన్నటి గింజ. ఆ గింజలు ఆమెకు తెలుసు. పగులుకు నల్లతాడుతో కుట్టేసిన ఆ బుర్రా తెలుసు. నీలంగుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుని, ఇషాయా చెల్లెలు నర్సుల క్వార్టర్సుకు తెచ్చి ఇచ్చింది. దానికి ముందురోజే ఇషాయా చెప్పాడు, మా అమ్మ ఒకటి పంపుతుంది, దానికి జవాబు నువ్వే పంపాలి అని. జవాబు పంపాలన్నాడు కదా! పుంగనూరులో పెరిగిన పిల్ల, ఒకరింటి గిన్నె మన ఇంటికి వస్తే ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని తల్లి చేతి మొట్టికాయలు తిని నేర్చుకున్న పిల్ల, ఏం చేస్తుంది? గింజలు భద్రంగా డబ్బాలో పోసుకుంది. బుర్రను కడిగి ఎండబెట్టింది. క్రిస్మస్‌కని దాచుకున్న చక్కెరంతా అందులో పోసింది. తను అంచు కుట్టుకున్న తెల్ల చేతిరుమాలుతో మూతి కట్టి, సిగ్గుతో చెవులు వేడెక్కుతుండగా, తిరిగి పంపింది. ఇంతకంటే గట్టిగా ఔనని ఏ ఆడపిల్ల చెప్పగలదు?

మరునాటి నుంచే ఇషాయా తల వంచుకుని పోవడం మొదలుపెట్టాడు.

"అమ్మా," అంది రిఫ్కతు. "మీరు చక్కెర ఎందుకు పోశారు?"

షైలజ ఫోను నుంచి తలెత్తింది.

"నీకెట్ల తెలుసు?" అని తెలుగులోనే అడిగేసింది హన్నా.

"ఆ బుర్ర మోసుకొచ్చింది మా అమ్మ. ఇషాయా నాకు మేనమామ." రిఫ్కతు ఇప్పుడు కళ్లు తిప్పుకోలేదు. "మా అమ్మమ్మ పోయేదాకా ఒకటే మాట అనేది. కాదంటే కాదని పంపాల్సింది, దానికి తీపి పూసి పంపడం ఎందుకు, మనల్ని ఎగతాళి చేయడానికి కాకపోతే అని. ఆ చక్కెర మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు. చీమలు తిన్నాయి. నేను చిన్నప్పటి నుంచీ ఈ కథ వింటున్నాను. అందుకే అడుగుతున్నాను. ఎందుకు పోశారు?"

మూడేళ్లు కలిసి తిరిగిన మనుషుల మధ్య ఏం జరిగిందో, ముప్ఫై ఆరేళ్ల తరువాత, ఇరవై అయిదేళ్ల పిల్ల నిలదీస్తుంటే తెలిసింది హన్నాకు. ఆయన వదిలేశాడని ఇన్నేళ్లూ ఏడ్చింది. కాదని పంపింది తన చెయ్యేనట. ఈ చెయ్యే.

"కాదనేదానికి కాదు తల్లీ," అంది. ఇంగ్లీషు దొరకలేదు, తెలుగే వచ్చింది, కాస్త కాస్తగా. "మాకాడ గిన్నె ఖాళీగా పంపితే ఆ ఇంటితో పని అయిపోయిందని. నిండా పోసి పంపితే, మళ్లీ రండి, మేం మీవాళ్లమని. నేను ఔనన్నాను. నాకు తెలిసిన తీరులో ఔనన్నాను. ఉన్న చక్కెరంతా పోసినాను, ఒక్క పలుకు కూడా మిగుల్చుకోలేదు."

షైలజ మాటలు ఇంగ్లీషులో అందించబోయింది. రిఫ్కతు చెయ్యి ఎత్తి ఆపింది. అర్థమైందని ఆమె కళ్లే చెబుతున్నాయి.

"అత్తా, మరి నువ్వు యాల అడగలేదు ఆయన్ని?" షైలజ గొంతు కోపంగా ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. "ఒక్క మాట! ఏమైందప్పా అని ఒక్క మాట!"

"ఆయన మర్యాద ఆయన్ని ఆపింది. నా రోషం నన్ను ఆపింది," అంది హన్నా. "ఆడపిల్లను, నేనెందుకు అడగాల అనుకున్నాను. రోజూ ల్యాబు ముందు నుంచే పోతా, ఆ గుమ్మం వైపు చూడకుండా పోయినాను. చూడాలని ప్రాణం పోతా ఉన్నా చూడలేదు. ఇన్నేళ్లుగా చూస్తానే ఉండాను, ఆ గుమ్మాన్ని."

రిఫ్కతు తన పెద్ద సంచీ తెరిచి, జాగ్రత్తగా ఒక మూట తీసి మంచం మీద పెట్టింది. అంచు కుట్టిన తెల్ల చేతిరుమాలు, పాతబడి పసుపు తిరిగింది. దాన్ని విప్పితే లోపల అదే బుర్ర. నల్లతాడు కుట్టు అలాగే ఉంది. నిండా ఆచా గింజలు.

ఇషాయాకు ఆ తరువాత పెళ్లయిందట. భార్య పోయి ఏడేళ్లు. కిందటేడు జోస్ పట్టణంలో ఒక ఇండియా టీచరమ్మ ఇంటికి అతను సీసాలో తేనె పంపితే, ఆమె అదే సీసా నిండా బెల్లంపొడి పోసి తిరిగి పంపిందట. ఇదేమిటమ్మా అని అడిగితే, ఖాళీగా ఎలా పంపుతాం అందట. ఆ రోజు మామయ్య అన్నం తినలేదు అంది రిఫ్కతు.

"నేను ఇండియాకు వస్తున్నానని తెలిసి ఇది నా చేతిలో పెట్టాడు. మదనపల్లె అని ఒక ఊరుంది, అక్కడ హన్నా అనే నర్సును వెతుకు అన్నాడు. ముందు చక్కెర ఎందుకు పోసిందో అడుగు, కాదనడానికే అయితే ఇది చూపించకుండా తిరిగి తెచ్చెయ్ అన్నాడు." రిఫ్కతు లేచి నిలబడింది. "ఈసారి మా పద్ధతి మీకు తెలుసు. నేను ఏమీ అడగను. ఉంచుకుంటే ఉంచుకున్నట్టు. నాకు తిరిగి వస్తే తిరిగి వచ్చినట్టు. నాలుగున్నరకు కుప్పం బస్సు. ఎక్కగానే మామయ్యకు ఫోన్ చేస్తాను. అక్కడ అప్పటికి మధ్యాహ్నం అవుతుంది. ఈ రోజు పొలానికి పోకుండా ఇంట్లోనే కూర్చుంటానన్నాడు."

బుర్ర ఇచ్చినవాళ్లు అదే గడప మళ్లీ తొక్కకూడదట. అందుకని ఆమె తులసమ్మ పెరట్లో సొరపాదు చూసి, అటునుంచి అటే వెళ్తానంది. షైలజ స్కూటీ తాళాలు తీసుకుంది. వెళ్తూ వెళ్తూ అత్త భుజం నొక్కి పోయింది.

హన్నా ఒక్కతే మిగిలింది.

బుర్రను ఒళ్లోకి తీసుకుంది. గింజల్లో వేళ్లు ముంచింది. అరవై ఒక్కేళ్లు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి బీపీ మాత్ర, మెట్లెక్కితే మోకాళ్లు పలుకుతాయి. ఈ సంగతి బయటికొస్తే చర్చిలో ఆడవాళ్లకు ఏడాదికి సరిపడా కబుర్లు. ఎడ్విన్ ఏమంటాడో! పోతుందా, అతను వస్తాడా, ఏం చేస్తారు ఈ వయసులో ఇద్దరూ? అవేవీ ఆమెకు తెలియలేదు. తెలిసింది ఒక్కటే. ఆ రోజు తన జవాబు తప్పుగా చేరింది. సరైన జవాబు ఇంకా చేరాల్సే ఉంది. మిగతావన్నీ తరువాతి మాట.

"ఉంచుకుంటాను," అంది పైకే. వినడానికి ఎవరూ లేకపోయినా, ఆ మాట నోటితో అనడం ఎంత హాయిగా ఉందో ఆమెకు అప్పుడే తెలిసింది.

బుర్రను మంచం మీద ఉంచి లోపలికి వెళ్లింది. మొదటిసారి ఆ బుర్రను చుట్టి తెచ్చిన నీలంగుడ్డను ఇన్నేళ్లూ దాచుకుంది. అది ఈ ఇంట్లోనే, లోపలి గదిలో, ఆమె విదేశం పోయివచ్చిన రేకుపెట్టెలో ఉంది. దాని మీద మరదలు కుట్టుమిషను ఎక్కించింది, మిషను మీద పరుపులు ఎక్కించింది. ఒక్కొక్కటీ దింపి, పెట్టె తెరిచి, అడుగున ఉన్న గుడ్డ అందుకునేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. మొహానికి ఆనించుకుంటే కలరా ఉండల వాసన. అయినా కాసేపు అలాగే ఉండిపోయింది.

గుడ్డ పట్టుకుని వరండాలోకి వచ్చింది. మంచం ఖాళీగా ఉంది.

పక్కన చేటలో ఆచా గింజలు కుప్పగా పోసి ఉన్నాయి. తులసమ్మ పాలచెంబు గట్టు మీద పెట్టి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంటోంది.

"ఆ పిల్ల బుర్ర ఈడనే మర్సిపోయి పోతాండాదమ్మా! పాలిద్దామని వచ్చి సూసినాను కాబట్టి సరిపోయింది. నువ్వు లోపల ఏందో దింపుకుంటాండావు, నిన్ను పిలిస్తే పొద్దుపోతాదని నేనే సూసినాలే. గింజలు చేటలోకి ఒంపి, మీ వంటింట్లో చక్కెర డబ్బా ఉండాది కదా, అది బుర్ర నిండా పోసి, ఆ గుడ్డతోనే మూతి కట్టి ఇచ్చేసినా. మా హన్నమ్మ ఇచ్చి రమ్మన్నాది అని చెప్పినా. ఊరుగాని ఊరు వచ్చిన పిల్ల, ఖాళీగా ఎట్ల పంపేది?"

హన్నా వంగి చేటలోని గింజలు తాకి చూసింది.

"ఆ పిల్ల... ఏమన్నాది?"

"ఏమీ అనలా. రెండు చేతులా తీసుకొని తల వంచుకొని బండెక్కింది. మన షైలజ కూడా నోరెత్తలా. కండ్లు తుడుచుకుంటా పోయినాదమ్మా ఆ పిల్ల. ఎంత ప్రేమగల బిడ్డో!"

గోడ గడియారంలో నాలుగూ ఇరవై. హన్నా షైలజకు ఫోన్ కలిపింది. షైలజ మరిచిపోయిన ఆ ఫోను ఫ్రిజ్ మీదే, చార్జింగులో ఉండి, పాట పాడింది. రిఫ్కతు నంబరు ఆ ఫోన్లోనే ఉంది, ఆ ఫోను తెరవడం షైలజకు తప్ప ఎవరికీ తెలియదు. హన్నా చెప్పులు వేసుకోలేదు. నీలంగుడ్డ చేతిలో అలాగే ఉంది. వెనక నుంచి తులసమ్మ "ఏమైంది హన్నమ్మా, యాడికి?" అని కేకలేస్తోంది. వీధి చివర ఆటోకు అడ్డం నిలబడి, "బస్టాండుకు పోనీ అప్పా, తొందరగా పోనీ," అంది.

సంతకు వచ్చిన జనం, వాళ్ల మధ్య మేకలు, ఎదురుగా టమోటా పెట్టెల లారీ. ఆటో ఒక్కో గజం కదులుతుంటే ఆమె సీటు అంచున కూర్చుని, నర్సుగా ఎన్నడూ చేయని పని చేసింది, రోగి నాడి చూశాకే ప్రార్థించే అలవాటు మాని నేరుగా దేవుణ్ని అడిగింది. ఒక్క ఐదు నిమిషాలు అని అడిగింది.

ఆటో బస్టాండు మలుపు తిరిగేసరికి కుప్పం బస్సు గేటు దాటి రోడ్డెక్కుతోంది. మూడో కిటికీ దగ్గర రిఫ్కతు కూర్చుని ఉంది. ఒళ్లో తెల్ల చేతిరుమాలు కట్టిన బుర్ర ఉంది.

చెవి దగ్గర ఫోన్ ఉంది. ఆమె అప్పటికే మాట్లాడుతోంది.